యూనిట్‌కి పోటీ ఉంది, తీగకు లేదు

(కరెంటు మార్కెట్, సోలార్ వాడకం మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు నాకిచ్చిన టాపిక్‌లో రెండు విషయాలున్నాయి. ఒకటి కరెంటు అమ్మకంలో పోటీ, రెండోది సోలార్‌కి మారడం కుదిరే పనేనా అన్నది. మామూలుగా ఈ రెండూ వేర్వేరు మీటింగుల్లో నడుస్తాయి. మొదటిదానికి ఆర్థికశాస్త్రం వాళ్లు వస్తారు, రెండోదానికి ప్యానెళ్లు అమ్మేవాళ్లు వస్తారు. (నవ్వులు) నాకు మాత్రం రెండూ ఒకే లెక్కలో రెండు వరసల్లా కనిపిస్తాయి. పోటీ గురించి సరిగ్గా అర్థమైతే, మీ ఇంటి కప్పు మీద ఎన్ని ప్యానెళ్లు పెట్టాలో సగం తేలిపోతుంది.

ముందు పోటీ సంగతి చూద్దాం. కరెంటు మన దగ్గరకు రావడానికి నాలుగు పనులు జరగాలి. ఎవరో తయారు చేయాలి. పెద్ద టవర్ల మీద దూరాలకు పంపాలి. సబ్‌స్టేషన్ నుంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి తీగ లాగాలి. చివరికి మీటరు చూసి బిల్లు వేయాలి. మొదటిదానిలో, చివరిదానిలో పోటీ పెట్టొచ్చు. మధ్యలో ఉన్న రెండింటిలో పెట్టలేం. ఒకే వీధిలో నాలుగు కంపెనీలు నాలుగు వరసల స్తంభాలు పాతితే, ఆ నాలుగు వరసల ఖర్చూ చివరికి ఆ వీధివాళ్ల మీదే పడుతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో స్టేషన్ మొదలుపెట్టింది 1882లో. ఆయన దగ్గర సెక్రటరీగా పనిచేసిన శామ్యూల్ ఇన్సల్ తర్వాత షికాగో వెళ్లి అక్కడి కరెంటు వ్యాపారాన్ని పెద్దది చేశాడు. 1898లో ఆయన తోటి వ్యాపారుల ముందు ఒక విచిత్రమైన వాదన పెట్టాడు. ఒక ఊళ్లో ఒక్క కంపెనీకే హక్కు ఇవ్వాలి, దానికి బదులుగా ధరను ప్రభుత్వ కమిషన్ నిర్ణయించాలి అన్నాడు. వ్యాపారి తనంతట తానే నన్ను నియంత్రించండి అని అడగడం ఎక్కడైనా చూశామా? కానీ ఆయన లెక్క ఆయనకుంది. పోటీ పోతే అప్పు చవగ్గా పుడుతుంది. 1907లో న్యూయార్క్, విస్కాన్సిన్ రాష్ట్రాలు అలాంటి కమిషన్లు పెట్టాయి. ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు ప్రపంచంలో చాలా చోట్ల అదే పద్ధతి నడిచింది. కొన్ని చోట్ల ప్రైవేటు కంపెనీ, కొన్ని చోట్ల ప్రభుత్వ బోర్డు. ఎవరైనా సరే ఒక్కరే.

ఆ పద్ధతిని మొదట విడదీసింది చిలీ, 1982లో. 1990లో ఇంగ్లండ్, వేల్స్, 1991లో నార్వే. తయారీని ఒక పక్కకు, తీగను ఇంకో పక్కకు, అమ్మకాన్ని మరో పక్కకు చీల్చారు. 1999 నాటికి బ్రిటన్‌లో ప్రతి ఇల్లూ తనకు నచ్చిన కంపెనీ దగ్గర కరెంటు కొనుక్కునే ఏర్పాటు వచ్చింది. టెక్సస్‌లో చాలా ప్రాంతాలకు అది 2002 జనవరిలో వచ్చింది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంటుంది. కంపెనీ మారితే వచ్చే కరెంటు మారుతుందనుకుంటారు. మారదు. తీగ అదే, ట్రాన్స్‌ఫార్మర్ అదే, రాత్రి ఫ్యూజ్ పోతే వచ్చే మనిషి కూడా అదే. గ్రిడ్‌ని, అంటే అన్ని స్టేషన్లనీ ఇళ్లనీ కలిపే తీగల వలని, ఒక చెరువు అనుకోండి. పదిమంది నీళ్లు పోస్తారు, లక్షమంది తోడుకుంటారు. మీ చెంబులో ఉన్నవి ఎవరు పోసిన నీళ్లో ఎవరూ చెప్పలేరు. లెక్క మాత్రం పుస్తకంలో ఉంటుంది. 'గ్రీన్ ప్లాన్' తీసుకున్నా అంతే. మీ ఇంట్లోకి ప్రత్యేకంగా సూర్యుడి కరెంటు రాదు. మీరు వాడినంత కరెంటును మీ తరఫున ఎక్కడో సోలార్ నుంచో గాలిమర నుంచో కొన్నట్టు ఖాతాలో రాస్తారు. అది మోసం కాదు, కానీ అది ఖాతా అని గుర్తుండాలి.

మరి పోటీతో ఏం ఒరిగింది? తయారీలో చాలా ఒరిగింది, అది ఒప్పుకోవాలి. ఎవరు తక్కువకి ఇస్తే వాళ్ల స్టేషన్ ముందు నడుస్తుంది. దుబారాగా నడిచే పాత ప్లాంట్లు మూతపడ్డాయి. ఇంటి మీటరు దగ్గర మాత్రం కథ వేరుగా నడిచింది.

కాలిఫోర్నియాలో 2000, 2001లో ఏం జరిగిందో చూడండి. టోకు ధరను మార్కెట్‌కి వదిలేశారు, ఇళ్లకు అమ్మే ధరను మాత్రం కట్టేశారు. కొనేది ఎక్కువకి, అమ్మేది తక్కువకి. పైగా ఎన్రాన్ లాంటి వ్యాపారులు కొరత లేని చోట కొరత సృష్టించారు. రాష్ట్రంలోని పెద్ద పంపిణీ సంస్థ పీజీ అండ్ ఈ 2001 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత టెక్సస్‌లో, 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో, దీనికి తిరగేసిన కథ జరిగింది. టోకు ధర నేరుగా మీటరు మీద పడే ప్లాన్లు కొందరు తీసుకున్నారు. మామూలు రోజుల్లో అవి చవక. టోకున వెయ్యి యూనిట్లకు కొన్ని పదుల డాలర్లు ఉండే ధర ఆ తుఫానులో గరిష్ఠ పరిమితి 9,000 డాలర్లకు చేరి, రోజుల తరబడి అక్కడే నిలబడింది. కొన్ని ఇళ్లకు వారానికే వేల డాలర్ల బిల్లు వచ్చింది. అదే ఏడాది చివర్లో బ్రిటన్‌లో గ్యాస్ ధర పెరిగేసరికి, ముందస్తు ఒప్పందాలు లేకుండా చవకగా అమ్మిన చిన్న కంపెనీలు డజన్ల లెక్కన మూతపడ్డాయి. వాళ్లు మిగిల్చిన ఖర్చు అందరి బిల్లుల్లోకీ వచ్చింది, కంపెనీ మారని వాళ్ల బిల్లుల్లోకి కూడా.

ఇంకొకటి. కంపెనీ మార్చడం అనేది ఓపికున్న వాళ్ల ఆట. ప్రతి ఏడాదీ ప్లాన్లు పోల్చి చూసుకునేవాడికి తగ్గింపు దొరుకుతుంది, పాత కంపెనీతోనే ఉండిపోయిన పెద్దావిడ ఎక్కువ కడుతుంది. బ్రిటన్‌లో ఇది ఎంత ముదిరిందంటే, 2019 జనవరిలో ప్రభుత్వమే ధరకు సీలింగ్ పెట్టాల్సి వచ్చింది. పోటీ తెచ్చిన ఇరవై ఏళ్లకు మళ్లీ ధర నియంత్రణ!

సరే, ఇదంతా ఎందుకు చెప్పానంటే, పది కంపెనీలు పోటీపడేది బిల్లులో ఒక ముక్క మీదే. యూనిట్ తయారీ ధర, దాని మీద అమ్మేవాడి మార్జిన్. తీగ ఖర్చు, పన్నులు, సుంకాలు అందరికీ ఒకటే. ఆ ముక్క ఎంత చిన్నదైతే కంపెనీ మార్చి మీరు మిగుల్చుకునేది అంత తక్కువ. ఈ పోటీలోకి ఎవరూ ఊహించని ఒక పోటీదారు వచ్చింది. మీ సొంత కప్పు.

కప్పు మీద తయారైన యూనిట్‌కి తీగ ఖర్చు లేదు. అందుకే అది టోకు ధరతో పోటీపడక్కర్లేదు, మీరు ఇంట్లో కట్టే పూర్తి ధరతో పోటీపడితే చాలు. పెద్ద సోలార్ పార్కు కంటే ఖరీదైన కరెంటే అయినా ఇంటి మీద గిట్టుబాటయ్యే కారణం ఇదే. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు సిలికాన్ సోలార్ సెల్ చూపించినప్పుడు దాని సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారేది, 6 శాతం. ఇవాళ మామూలు ప్యానెల్‌ది 20 శాతం దాటింది. 2010 తర్వాత పదేళ్లలో ప్యానెల్ ధర పదో వంతుకు దగ్గరగా పడిపోయింది. అలా ఇల్లు కూడా కరెంటు తయారీదారు అయింది.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. రూపాయలు, డాలర్లు వదిలేద్దాం, యూనిట్లలోనే చేద్దాం. మీ కరెన్సీ ఏదైనా ఈ లెక్క పనిచేస్తుంది.

ఒక ఇల్లు రోజుకు 10 యూనిట్లు వాడుతుంది. ఇంట్లోవాళ్లు పొద్దున్నే పనికి వెళ్లి సాయంత్రం వస్తారు. ఎండ ఉన్న గంటల్లో వాడకం 3 యూనిట్లే, మిగతా 7 సాయంత్రం, రాత్రి. ఎండ బాగా ఉండే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయనుకుందాం. మబ్బుల దేశాల్లో ఇది 2.5 కూడా ఉండొచ్చు. 3 కిలోవాట్లు పెట్టారు. రోజుకు 12 యూనిట్లు. వాడకం కంటే ఎక్కువే కదా, బిల్లు సున్నా అని అమ్మేవాడు చెప్తాడు.

సున్నా అవుతుందా? అది ఆ 12లో ఎన్ని మీరే వాడుకున్నారు, మిగతావాటికి గ్రిడ్ ఏం ఇచ్చింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. యూనిట్‌కి యూనిట్ మార్చుకునే నెట్ మీటరింగ్ ఉంటే అమ్మేవాడు చెప్పింది నిజమే. కానీ మీరిచ్చే యూనిట్‌కి గ్రిడ్ మూడో వంతు ధరే ఇస్తే? మీరు నేరుగా వాడుకున్నవి 3. గ్రిడ్‌కి పోయినవి 9, వాటి విలువ 3 యూనిట్లకు సమానం. మొత్తం లాభం 6. రాత్రి 7 యూనిట్లు కొన్నారు, 3 యూనిట్ల విలువ తిరిగి వచ్చింది, 4 యూనిట్ల బిల్లు మిగిలింది.

అదే ఇంటికి 1 కిలోవాట్ పెట్టామనుకోండి. 4 యూనిట్లు వస్తాయి. అందులో రెండున్నర ఇంట్లోనే ఖర్చవుతాయి, ఒకటిన్నర గ్రిడ్‌కి పోయి అర యూనిట్ విలువ తెస్తాయి. లాభం 3. అంటే ప్యానెళ్లు మూడో వంతు, లాభం మాత్రం సగం. చిన్న సిస్టమ్‌కి కిలోవాట్ లెక్కన ఖర్చు కొంచెం ఎక్కువ పడుతుంది, అది కలుపుకోండి. అయినా 'కప్పు నిండా పెట్టించండి' అనే సలహా ఎప్పుడు మంచిదో ఎప్పుడు కాదో ఇక్కడే తెలిసిపోయింది.

ఇంకో పని చేద్దాం. 3 కిలోవాట్లే ఉంచి, 4 యూనిట్ల వాడకాన్ని రాత్రి నుంచి పగటికి మారుద్దాం. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, గీజర్, బండి ఛార్జింగ్, వీటికి టైమర్ పెడితే చాలు. నేరుగా వాడినవి 7. గ్రిడ్‌కి 5, వాటి విలువ ఒకటిన్నర పైచిలుకు. లాభం 6 నుంచి ఎనిమిదిన్నర దాటింది. టైమర్లకు పెట్టిన చిల్లర తప్ప ఖర్చు లేదు. ఈ సలహా ఏ బ్రోషర్‌లోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు, ఎందుకంటే దీనిలో అమ్మడానికి ఏమీ లేదు.

(సభలోంచి ప్రశ్న: సార్, గ్రిడ్ ఎందుకు తక్కువ ఇస్తుంది? మా కరెంటేగా వాళ్లు పక్కింటికి పూర్తి ధరకు అమ్ముకునేది?)

మంచి ప్రశ్న. కోపం కూడా న్యాయమైనదే. రెండు కారణాలున్నాయి. మొదటిది, మీరిచ్చే సమయం. మీ కప్పు మీద ఎండ పడినప్పుడే మీ పక్కింటి కప్పు మీదా పడుతుంది. కాలిఫోర్నియా గ్రిడ్ నడిపేవాళ్లు 2013లో ఒక గ్రాఫ్ గీశారు. మధ్యాహ్నం గ్రిడ్ మీద డిమాండ్ కిందికి జారి, సూర్యుడు దిగగానే నిటారుగా పైకి లేస్తుంది. బాతు ఆకారంలో ఉందని దానికి డక్ కర్వ్ అని పేరు పెట్టారు. దక్షిణ ఆస్ట్రేలియాలో కొన్ని మధ్యాహ్నాలు ఇళ్ల కప్పుల మీది సోలారే రాష్ట్రమంతటి డిమాండ్‌నీ తీర్చేసింది. జర్మనీలో 2024లో 400 గంటలకు పైగా టోకు ధర సున్నా కిందికి పోయింది. అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బిచ్చారు. అలాంటి గంటలో మీ యూనిట్‌కి పూర్తి ధర అడగడం కష్టం.

రెండోది తీగ. నెట్ మీటరింగ్‌లో మీరు పగలు ఇచ్చి రాత్రి తీసుకున్నారు. ఆ మధ్యలో గ్రిడ్ మీకు బ్యాటరీలా పనిచేసింది, ఉచితంగా. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, రాత్రి నడిచే జనరేటర్, ఇవేవీ మీ వల్ల తగ్గలేదు. వాటి ఖర్చు యూనిట్ ధరలో కలిపి వసూలు చేస్తున్న చోట, మీరు యూనిట్లు కొనడం మానేస్తే ఆ ఖర్చు సోలార్ లేనివాళ్ల మీదికి జరుగుతుంది. వాళ్ల ధర పెరిగితే, వాళ్లలో స్తోమత ఉన్నవాళ్లు కూడా సోలార్ పెడతారు. మిగిలినవాళ్ల ధర మళ్లీ పెరుగుతుంది. పాకిస్తాన్‌లో ఇది కళ్లముందే జరిగింది. గ్రిడ్ ధర భరించలేక జనం ఎగబడ్డారు. 2024 ఒక్క ఏడాదిలో 17 గిగావాట్ల (ఒక గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు) దాకా ప్యానెళ్లు ఆ దేశానికి దిగుమతయ్యాయి. వాడినా వాడకపోయినా పవర్ ప్లాంట్లకు కట్టాల్సిన కెపాసిటీ చెల్లింపులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇక కట్టేవాళ్లెవరు? కప్పు లేనివాళ్లు.

అయితే దీన్ని సాకుగా తీసుకుని సోలార్‌ని తొక్కేసిన చోట్లు కూడా ఉన్నాయి. స్పెయిన్ 2015లో సొంతంగా కరెంటు చేసుకునేవాళ్ల మీద ఛార్జీ వేసింది. జనం దానికి 'ఎండ పన్ను' అని పేరు పెట్టారు. 2018లో తీసేశారు. నా దృష్టిలో తీగకు న్యాయమైన అద్దె కట్టించడం సరైనదే, కానీ సొంత కప్పు మీద చేసుకుని సొంత ఇంట్లో వాడుకున్న యూనిట్ మీద ఛార్జీ వేయడం దౌర్జన్యం. ఈ రెండిటికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే ఇవాళ ప్రతి చోటా కమిషన్ల ముందు వాదనలు నడుస్తున్నాయి. హవాయి 2015లోనే నెట్ మీటరింగ్‌ను కొత్తవాళ్లకు ఆపేసింది. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్ నుంచి కొత్త కనెక్షన్లకు ఎగుమతి విలువను, అంటే గ్రిడ్‌కి ఇచ్చే యూనిట్‌కి దొరికే ధరను, సుమారు నాలుగింట మూడు వంతులు కోసేసింది. పాతవాళ్లకు మాత్రం కనెక్షన్ తేదీ నుంచి 20 ఏళ్ల పాటు పాత రూలే. జర్మనీ 2000లో చట్టం చేసినప్పుడు కూడా ధరను 20 ఏళ్లకు కట్టేసి ఇచ్చింది. కాబట్టి ఒప్పందంలో మొదట చదవాల్సింది ధర కాదు, ఆ ధర ఎన్నేళ్లకు అన్నది.

కప్పు మీద జరిగే సంగతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను. ప్యానెల్ మీద రాసే వాట్లు ల్యాబ్‌లో, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండగా కొలిచినవి. మండుటెండలో ప్యానెల్ 65 డిగ్రీలకు వెళ్తే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం దాకా పోతుంది. వేడి ఎక్కువైతే కరెంటు ఎక్కువ రాదు, తక్కువ వస్తుంది. ప్యానెళ్లకు కావాల్సింది వెలుతురు. కప్పుకి, ప్యానెల్‌కి మధ్య గాలి ఆడే జాగా ఎందుకు వదలాలో దీన్నిబట్టి తెలుస్తుంది. నీడ ఇంకా చెడ్డది. ప్యానెళ్లను వరసగా కలిపినప్పుడు ఒకదాని మీద నీళ్ల ట్యాంకు నీడ పడితే దాని దెబ్బ వరస మొత్తానికి తగులుతుంది. నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి. ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టెను ఇన్వర్టర్ అంటారు, ప్రతి ప్యానెల్‌కీ ఒక చిన్నది పెట్టే మైక్రో ఇన్వర్టర్లు ఇంకా బాగా కాపాడతాయి, కానీ అన్నింటికంటే చవకైన పని ప్యానెల్‌ని రెండడుగులు పక్కకు జరపడం. ప్యానెల్ ఏడాదికి సుమారు అర శాతం బలం తగ్గుతూ పాతికేళ్లకు పైనే నిలుస్తుంది. ఇన్వర్టర్ అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుందని లెక్క వేసుకోండి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవాళ్లు దక్షిణం వైపు పెడతారు, దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరం వైపు. పడమర వైపు పెడితే మొత్తం యూనిట్లు తగ్గుతాయి కానీ సాయంత్రం దాకా వస్తాయి. ఎగుమతికి తక్కువ ఇచ్చే చోట అదే లాభం కావచ్చు.

(ప్రశ్న: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇబ్బంది ఉండదు కదా?)

ఉంటుంది! ఇది తెలియక చాలామంది తర్వాత గొడవపడతారు. గ్రిడ్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్, గ్రిడ్ పోగానే తనూ ఆగిపోతుంది. అలా ఆగాలని రూల్. ఎందుకంటే లైన్ మీద పనిచేసే మనిషి సప్లై లేదనుకుని తీగ ముట్టుకుంటాడు, మీ కప్పు మీంచి కరెంటు వస్తే ప్రాణం పోతుంది. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ, దానితో పాటు ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసే స్విచ్ ఉన్న ఇన్వర్టర్ కావాలి.

ఎటూ బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన ఇంటి లెక్కలో రాత్రి కావాల్సిన 7 యూనిట్లను బ్యాటరీలో దాస్తే, అందులో పోయే పదో వంతు తీసేసి, లాభం 6 నుంచి 10 చిల్లరకు వెళ్తుంది. బ్యాటరీ సంపాదించేది కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా. యూనిట్‌కి యూనిట్ నెట్ మీటరింగ్ ఉన్న చోట ఆ తేడా సున్నా, కాబట్టి డబ్బు లెక్కలో బ్యాటరీ సంపాదన కూడా సున్నా. అక్కడ కరెంటు కోతల కోసం కొనుక్కోవచ్చు, ఆదా కోసం కాదు.

గ్రిడ్‌ని పూర్తిగా వదిలేస్తానంటే మాత్రం అది వేరే లెక్క. అప్పుడు సగటు రోజు చూసి సైజు కట్టకూడదు, ఏడాదిలో అన్నింటికంటే చెడ్డ వారం చూసి కట్టాలి. మూడు రోజులు మబ్బు పట్టి రోజుకు 3 యూనిట్లే వస్తే, మీకు 21 యూనిట్లు లోటు. ఏడాదిలో కొన్నిసార్లు మాత్రమే వాడే ఆ 21 యూనిట్ల బ్యాటరీని మీరొక్కరే మోయాలి. గ్రిడ్‌లో అదే లోటును లక్ష ఇళ్లు పంచుకుంటాయి. తీగే లేని చోట గ్రిడ్ లేకుండా నడుపుకోవడం తెలివైన పని. తీగ ఉన్న చోట గ్రిడ్ వదిలేయడం, చాలావరకు, కోపంలో తీసుకున్న నిర్ణయం.

(ప్రశ్న: మాది అద్దె ఫ్లాట్. మా సంగతి?)

కప్పు మీది కాదు కాబట్టి దారులు తక్కువే. కొన్ని దేశాల్లో ఒక పెద్ద సోలార్ ప్లాంట్‌లో వాటా కొనుక్కుని, ఆ యూనిట్లను బిల్లులో తగ్గించుకోవచ్చు. జర్మనీలో బాల్కనీ రెయిలింగ్‌కి తగిలించి ప్లగ్‌లో పెట్టే చిన్న సెట్లు బాగా వచ్చాయి. 2024 నుంచి 800 వాట్ల ఇన్వర్టర్ దాకా అనుమతి ఉంది, ఇల్లు మారితే విప్పి పట్టుకెళ్లొచ్చు. ఫ్రిజ్, రూటర్ లాంటి రోజంతా నడిచే వాటిలో కొంత దానితో సరిపోతుంది. ఇవి రెండూ లేని చోట, మీకున్న పోటీ మొదట చెప్పిన పాత పోటీయే. చవక ప్లాన్ వెతుక్కోవడమే. టోకు ధరకు ముడిపెట్టిన ప్లాన్ మాత్రం, గరిష్ఠ ధర ఎంతో రాసి లేకపోతే ముట్టుకోకండి.

(ప్రశ్న: ధరలు ఎటూ పడిపోతున్నాయి, ఇంకో రెండేళ్లు ఆగితే?)

ప్యానెల్ ధర పడిపోవడం వల్లే ఆగడంలో లాభం తగ్గిపోయింది. ఇవాళ ఇంటి సిస్టమ్ ఖర్చులో ప్యానెల్ వాటా చిన్నది. మిగతాదంతా స్టాండు, ఇన్వర్టర్, వైరింగ్, కూలీ, పర్మిషన్. ఇవి అంత వేగంగా తగ్గవు. ప్యానెల్ ఇంకో సగానికి పడినా మీ మొత్తం ఖర్చు కొద్దిగానే కదులుతుంది. ఎగుమతి రూలు మారితే మాత్రం చాలా కదులుతుంది. కాబట్టి ఆగాలా వద్దా అన్నది షాపులో కాదు, మీ కమిషన్ ముందున్న ప్రతిపాదనలో చూడండి. రూలు బిగుసుకోబోతుంటే ముందే కనెక్షన్ దరఖాస్తు పెట్టండి. ఇప్పటికే బిగుసుకుని ఉంటే చిన్న సిస్టమ్‌తో మొదలుపెట్టి, తర్వాత పెంచుకునేలా ఇన్వర్టర్ తీసుకోండి. కప్పుకి మరమ్మతు ఉంటే అది ముందు చేయించండి, ప్యానెళ్లు బిగించాక విప్పి మళ్లీ పెట్టడం రెండు ఖర్చులు.

మీ ఇంటికి ఎన్ని కిలోవాట్లో ఇక్కడే చెప్పమని ఇందాక ఇద్దరు ముగ్గురు చీటీలు పంపారు. బిల్లు మీది మొత్తం యూనిట్లతో అది చెప్పలేను. పగటి వాడకం ఎంత, రాత్రి వాడకం ఎంత అన్నది విడిగా కావాలి. స్మార్ట్ మీటరు ఉంటే కంపెనీ యాప్‌లో గంట గంటకీ ఉంటుంది. లేకపోతే ఒక వారం పాటు పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకి మీటరు రీడింగు రాసుకోండి. ఆ కాగితం తీసుకొస్తే కూర్చుని చూద్దాం.